ఎర్ర పొడి, తెల్ల గంజి

మామిడిచెట్టు పడ్డది ఫిబ్రవరి గాలివానలో. అంత పెరడు ఉండగా సరిగ్గా కొట్టం మీదే పడింది. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఫెర్మీన్ నిలువెత్తు తీగల వాద్యాలైన హార్ప్‌లు చేస్తున్న కొట్టం. రేకులు నలిగిపోయాయి, గోడ కూలిపోయింది, గోడకు వేలాడదీసిన నమూనాలన్నీ బురదలో కలిశాయి. పనిబల్ల ఒక్కటి మాత్రం చెక్కుచెదరలేదు. దాని కింద, సగం చేసిన హార్ప్ ఒకటి గోనెపట్టా కప్పుకుని, వాన కురవనే లేదన్నట్టు పొడిగా పడుకుని ఉంది.

ఫెర్మీన్‌కు డెబ్భై ఒకటి. మళ్ళీ గోడలు లేపి, రేకులు వేసే ఓపిక లేదు. మిగిలింది ఇల్లు. ఇంట్లోనేమో దామియానా ఉంది.

దామియానా అతని భార్య. ఇతాగువా ఊరి పిల్ల. ఆ ఊరి ఆడవాళ్ళు సూదీ దారంతో సాలెగూడులాంటి లేసు అల్లుతారు. చట్రానికి గుడ్డ బిగించి, గుడ్డమీద గీసిన గుండ్రాల్లో జామపువ్వులు, చీమలపుట్టలు, ఎద్దు అడుగులు అన్నీ దారంతో పుట్టిస్తారు. అల్లిక అయ్యాక చట్రం మీదే ఉతికి, కర్రపెండలం గంజి చిక్కగా పట్టించి, ఆరాక కింది గుడ్డ కత్తిరించి తీసేస్తారు. దారం నిలబడేది ఆ గంజివల్లే. పోయిన ఏడాది నుంచి ఆమె వీధి చివర క్రైస్తవ గుడిలోని జపమాల మాతకు మేలిముసుగు అల్లుతోంది. అక్టోబర్ ఏడున పండుగ. తెల్లది, పూర్తిగా తెల్లది. రంగు దారం ఒక్కటి కూడా లేదు.

ఇక హార్ప్‌కు వాడేది సెద్రో చెక్క. ఇటుకలాంటి ఎరుపు. దాని పొడి మెత్తగా, కుంకుమలా ఉంటుంది. తడి గంజి మీద పడిందంటే అంతే, గులాబీ రంగు మరక. రుద్ది ఉతికితేగానీ పోదు, లేసునేమో రుద్దకూడదు.

"నా బల్ల పడమటి గదిలో వేసుకుంటానే," అన్నాడు ఫెర్మీన్, చెట్టు పడ్డ మూడో రోజున.

దామియానా సూదిలో దారం ఎక్కిస్తోంది. తల ఎత్తలేదు.

"ఆ గదిలో మొక్కజొన్న ఉంది."

"మొక్కజొన్న మంచం కిందికి మారుద్దాం."

"మంచం కింద నీ పాత చెప్పులున్నాయి."

"దామియానా."

"వింటున్నా, చెప్పు."

"ఈ ఒక్క హార్ప్ అయినా పూర్తి కావాలి. ఆ తర్వాతది తర్వాత."

అప్పుడు తల ఎత్తింది. "ఒక్కటి అంటావు. నీకు ఒక్కటి అనే లెక్కే రాదు. సరే, వేసుకో. కానీ ఇప్పుడే చెప్తున్నా, తర్వాత వినలేదనకు. ముసుగు మీద ఒక్క పోగు ఎర్రబడిందో, నీ బల్ల, నీ రంపాలు, నీ చిత్రికలు అన్నీ అరెగువాలో మీ తమ్ముడి ఇంటికి పోతాయి. బస్సెక్కించేది నేనే."

అతని తమ్ముడు కుండలు కాలుస్తాడు. ఇల్లంతా బట్టీ పొగ. అక్కడ హార్ప్ చేయడమంటే నిప్పుల పక్కన వెన్న దాచినట్టే. పైగా రోజూ బస్సులో పోయి రావడం ఈ మోకాళ్ళతో అయ్యే పని కాదు. సామాను అరెగువా పోవడమంటే ఇక పని మానుకోవడమేనని ఇద్దరికీ తెలుసు.

"ఒక్క పోగు ఎర్రబడితే నేనే మోసుకుపోతా," అన్నాడు ఫెర్మీన్. "మాట."

వాళ్ళ ఇల్లు పాతకాలం ఇల్లు. తూర్పున ఒక గది, పడమట ఒక గది, రెంటికీ మధ్య పైకప్పు ఉన్న వసారా. ఆ వసారాకు ఉత్తరం దక్షిణం గోడల్లేవు, గాలి ఇటు నుంచి అటు సాఫీగా పోతుంది. బతుకంతా ఆ వసారాలోనే. దామియానా చట్రం అక్కడే, వచ్చినవాళ్ళు కూర్చునేది అక్కడే, కోడి గుడ్డు పెట్టేది కూడా అక్కడే ఒక మూల.

ఫెర్మీన్ వెంటనే బల్ల ఎత్తి లోపల పెట్టేయలేదు. మూడు రోజులు ఖాళీ గదిలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. పక్కింటి కాసిల్దా చీపా రొట్టెల బుట్ట నెత్తిన పెట్టుకుని పోతూ తొంగి చూసింది.

"ఏం బాబాయ్, దయ్యం పట్టిందా?"

"దుమ్ము ఎటు పోతుందో చూస్తున్నానమ్మా."

"ఇంకా పనే మొదలుపెట్టలేదుగా, దుమ్మెక్కడిది?"

"అందుకే చూస్తున్నా. పుట్టాక పట్టుకోవడం కష్టం."

పడమటి గోడలో కిటికీ ఉంది. గదిని వసారాతో కలిపే తలుపు తూర్పున ఉంది. పైన చూస్తే గోడ కప్పు దాకా వెళ్ళదు. పెంకుల కింద మూరెడు ఖాళీ. అన్ని పాత ఇళ్ళలో అంతే, గాలి ఆడాలని వదిలేస్తారు. ఆ మూరెడు చూసి ఫెర్మీన్ నిట్టూర్చాడు. కింద తలుపు ఎంత బిగించినా పొడి పైనుంచి ఎగిరి పక్షిలా అవతల వాలుతుంది.

ముందుగా ఆ ఖాళీ మూశాడు. పిండిసంచులు చుట్టి కుక్కి, పైన బంకమట్టి మెత్తాడు. నిచ్చెన పట్టుకున్నది కాసిల్దా. "నువ్వు పడితే నా మీద పడకు బాబాయ్, బుట్టలో రొట్టెలున్నాయి" అంటూ పట్టుకుంది.

తర్వాత పని పద్ధతి మార్చాడు. ఇది అన్నిటికంటే కష్టమైంది. దుమ్ములో ముప్పాతిక వంతు చెక్క నునుపుకు రుద్దే ఉప్పుకాగితం నుంచే వస్తుంది. అతనికి పని నేర్పిన ముసలి మేస్త్రీ ఉప్పుకాగితం ముట్టేవాడు కాదు. "చిత్రిక చేతకానివాడికి అదొక సాకు" అనేవాడు. ఫెర్మీన్ మాత్రం నలభై ఏళ్ళ వయసులో తొందరకు అలవాటుపడ్డాడు. ఇప్పుడు మళ్ళీ వెనక్కి పోవాలి. విరిగిన రంపపు ఆకును అరచేతంత ముక్కలు చేసి, అంచులు రాయి మీద సానపట్టాడు. దానితో చెక్కను గీకితే పొడి రాలదు, ఉల్లిపొరలాంటి తునక చుట్టుకుంటూ లేస్తుంది. తునక బరువు. పడ్డచోటే పడి ఉంటుంది, ఎగరదు. ఒక రోజులో అయ్యే పని నాలుగు రోజులు పట్టేది. బొటనవేళ్ళు వాచిపోయేవి.

రంపం పని ఏదున్నా పెరట్లోనే, పడిపోయిన మామిడి మొద్దు మీద. అదీ గాలి ఇంటి నుంచి బయటికి వీచేటప్పుడే.

మిగిలినది గదిలో పుట్టే కాస్త పొడి. దానికి మొదట అందరూ చేసేదే చేశాడు. ఇటుకల నేల మీద నీళ్ళు చల్లాడు. అక్కడి ఇళ్ళలో ఊడ్చే ముందు నీళ్ళు చల్లనివాళ్ళు లేరు, చిన్నప్పటినుంచి చేతికి అలవాటైన పని. ఆ వారమంతా ఉత్తరపు గాలి, ఉక్క, దానికి తోడు నేల తడి. నాలుగో రోజున పోయి చూస్తే హార్ప్‌కు ముందువైపు బిగించాల్సిన పలుచటి పలక రెండు అంచులూ లేచి చాటలా కూర్చుంది.

పలకను చేతుల్లో పట్టుకుని వసారాలోకి వచ్చాడు. దామియానా చూసింది.

"అందులో బియ్యం చెరగొచ్చు," అంది.

"నవ్వుకో."

"నవ్వట్లేదు. నిజంగానే నా చాట విరిగింది."

ఆ పలక పోయింది. మళ్ళీ కొత్తది గీకడానికి రెండు వారాలు. ఆ రెండు వారాలు గీకుతూ ఆలోచించాడు. తడి కావాలి, కానీ గదిలో కాదు. పొడిని తడి దగ్గరికి పంపాలి గానీ, తడిని పొడి దగ్గరికి తేకూడదు.

సంత దగ్గర మూతపడిన రొట్టెల బట్టీ ఒకటుంది. దాని గోడలో వేడి బయటికి తోసే పెద్ద ఫ్యాను తుప్పుపట్టి ఉంటే అడిగి తెచ్చుకున్నాడు. పడమటి కిటికీలో బిగించాడు. బయట దానికి రేకు గొట్టం తగిలించి, గొట్టం మూతిని నీళ్ళ పీపా మీదికి వంచాడు. పొడి గాలితోపాటు పోయి నీళ్ళకు తగులుతుంది, నీళ్ళు మింగేస్తాయి. బల్ల మీద శనగగింజంత చిల్లులు వరసగా తొలిచి, కింద పెట్టె బిగించి, దాన్ని కూడా ఫ్యాను వైపు కలిపాడు. చెక్కను బల్ల మీద పెట్టి గీకుతుంటే పొడి పైకి లేవకుండా చిల్లుల్లోంచి కిందికి జారిపోయేది. తలుపుకు మందపాటి మైనపుగుడ్డ తెర. ఫ్యాను తిరుగుతుంటే ఆ తెర లోపలికి ఉబ్బేది. అంటే గాలి వసారా నుంచి గదిలోకే వస్తోంది, గది నుంచి వసారాలోకి పోవట్లేదు. అది చూసి ఫెర్మీన్ ఒక్కడే గదిలో నిలబడి నవ్వుకున్నాడు.

కాసిల్దా వచ్చి ఆ గొట్టం, పీపా, తెర అన్నీ చూసింది. "బాబాయ్, నువ్వు హార్ప్ చేస్తున్నావా, ఆపరేషన్ చేస్తున్నావా?"

దామియానా మాత్రం మాటలతో ఒప్పుకోలేదు. జానెడు గుడ్డకు చిక్కటి గంజి పట్టించి, తడితడిగా తలుపు బయట, తెర పక్కనే మేకుకు తగిలించింది.

"మూడు రోజులు నీ ఇష్టమొచ్చినట్టు పని చెయ్. గంజి అబద్ధం చెప్పదు."

మూడు రోజులూ ఆమె పొద్దున సాయంత్రం ఆ గుడ్డను తడుపుతూ వచ్చింది. నాలుగో పొద్దున తీసి వెలుగుకు పట్టి చూసింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. కళ్ళజోడు పెట్టుకుని చూసింది, తీసి చూసింది.

"ఏమంది?" అన్నాడు ఫెర్మీన్.

"తెల్లగానే ఉంది," అంది. ఆ గుడ్డను మడిచి జాకెట్టులో దోపుకుంది. "కూర్చో, తెరెరే కలుపుతా."

తెరెరే సంగతి కాస్త చెప్పాలి. మాటే అనే ఆకును తేయాకులా ఎండబెట్టి, దంచి, కొమ్ము గ్లాసులో పోసి, ఐసు వేసిన చల్లటి నీళ్ళు పోస్తారు. లోహపు గొట్టంతో పీలుస్తారు. గ్లాసు ఒక్కటే, గొట్టం ఒక్కటే. పోసేవాళ్ళు ఒకరు. వాళ్ళు పోసి ఇస్తే నువ్వు తాగి తిరిగి ఇవ్వాలి, మళ్ళీ పోసి పక్కవాళ్ళకిస్తారు. "గ్రాసియాస్" అని, అంటే కృతజ్ఞతలు చెప్పి, గ్లాసు తిరిగి ఇచ్చారంటే ఇక చాలని అర్థం. చాలనిపించేదాకా ఆ మాట అనకూడదు.

ఫెర్మీన్, దామియానా పెళ్ళై నలభై ఆరేళ్ళు. అన్నేళ్ళూ పొద్దున పదికి ఒకసారి, మధ్యాహ్నం మూడుకు ఒకసారి ఆ వసారాలో ఆ గ్లాసు వాళ్ళిద్దరి మధ్య తిరుగుతూనే ఉంది. పోట్లాడుకున్న రోజుల్లో కూడా తిరిగింది, మాట లేకుండా. అతని కుర్చీ తోలు అల్లిన పొట్టి కుర్చీ, స్తంభం పక్కన. ఆమె ముక్కాలిపీట, చట్రానికి ఇవతల. కొట్టం ఉన్నరోజుల్లో అతను పెరడు దాటి వచ్చేవాడు. ఇప్పుడు తెర ఎత్తి మూడడుగులు వేస్తే చాలు.

అలా ఏప్రిల్ పోయింది, ఆ దేశంలో జూన్‌లో మొదలయ్యే చలికాలం పోయింది. హార్ప్‌కు పొట్ట వచ్చింది, మెడ వచ్చింది. చల్లటి దక్షిణపు గాలి, పొడిగాలి, వీచిన ఒక పొద్దున కొత్త పలకకు జిగురు పూసి బిగించాడు. వేలితో తడితే లోపలి నుంచి జవాబిచ్చింది. ఆ చప్పుడుకు దామియానా వసారాలోంచే "ఎవరు?" అంది, తలుపు కొట్టారనుకుని. వీధిలో జనం వచ్చి ఫ్యాను, పీపా చూసి పోయేవారు. ఫెర్మీన్ పైకి ఏమీ అనకపోయినా, ఎవరైనా రాగానే మొదట తెర ఎటు ఉబ్బుతుందో చూపించేవాడు.

సెప్టెంబర్ చివరి వారం. ఉత్తరపు గాలి దుమారంగా వీస్తోంది. దామియానా మాత తల కొలత సరిచూసుకోవడానికి గుడికి వెళ్ళింది. మధ్యాహ్నం మూడు దాటింది. అలవాటున ఫెర్మీన్ తెర ఎత్తి వసారాలోకి వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా పీట ఖాళీ. పక్కన స్తంభానికి ఆనించి ఒక చట్రం ఉంది, వెనకవైపు అతనికేసి. తడి గంజి గుడ్డ. ఆ చట్రం రోజూ అక్కడే ఉంటుంది. రోజూ చూస్తాడు. కానీ రోజూ ఎదురుగా మనిషి ఉంటే, చూపు మనిషి మీదే ఉంటుంది కదా.

ఆ రోజు ఎండ ఏటవాలుగా వచ్చి గుడ్డ మీద పడింది.

గుడ్డ గులాబీ రంగులో ఉంది.

లేచి దగ్గరికి పోయాడు. మరక అంతటా ఒకేలా లేదు. అతని కుర్చీ వైపు అంచున ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ. కింద, కుర్చీ చేయి అడ్డం వచ్చేచోట తెల్లగా ఉంది. పైన, అతని భుజం ఎత్తున, బాగా ఎర్రగా ఉంది. కుర్చీలో కూర్చున్న మనిషి నీడను ఎవరో ఎర్ర పొడితో గీసినట్టుంది.

ఫెర్మీన్ తన కుడి చేత్తో ఎడమ చొక్కాచేతిని తట్టాడు. ఎండలో ఎర్రటి పొగ లేచి, ఉత్తరపు గాలికి కొంచెం తిరిగి, గుడ్డ మీదికి పోయి వాలింది.

టోపీ తీసి తట్టాడు. మళ్ళీ పొగ.

పెంకుల కింద సందులు మూశాడు. కిటికీకి ఫ్యాను పెట్టాడు. బల్లకు చిల్లులు తొలిచాడు. పీపాకు నీళ్ళు మార్చాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, దుమ్మునంతా గదిలో వెతికి, రోజుకు రెండుసార్లు తానే ఒంటినిండా మోసుకొచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. తెరెరే మాత్రం అతని లెక్కలోకి రానేలేదు. ఊపిరి తీసుకోవడం ఎవరైనా లెక్కలో వేసుకుంటారా?

చట్రాన్ని ఇటు తిప్పి ముందువైపు చూడాలి. అల్లిక అటువైపు ఉంటుంది. చేయి చాచాడు గానీ, తిప్పే ధైర్యం చాలలేదు. ఏడాదిన్నర పని. పండుగ ఇంకా పదిహేను రోజులు లేదు.

గదిలోకి పోయాడు. ఫ్యాను ఆపాడు. తెర ఉబ్బు తగ్గి చప్పగా వేలాడింది. నారింజపళ్ళ పెట్టె ఒకటి లాగి, చిత్రికలు ఒక్కొక్కటే గుడ్డలో చుట్టి పెట్టడం మొదలుపెట్టాడు.

దామియానా వచ్చేసరికి నాలుగున్నర. ఐసు నీళ్ళు తెచ్చింది. "రా, ఆలస్యమైంది. ఫాదర్‌గారు మాట మొదలుపెడితే ఆపరు" అని పిలిచింది.

ఫెర్మీన్ వచ్చాడు. కుర్చీ దగ్గరికి రాలేదు. వసారా దక్షిణపు చివర, మెట్టు మీద, దూరంగా నిలబడ్డాడు. ఆమె గ్లాసు నింపి చేయి చాచింది. అతనే నాలుగు అడుగులు వచ్చి, అందుకుని, వెనక్కి పోయి తాగాడు. మళ్ళీ వచ్చి చేయి చాచి ఇచ్చాడు.

"గ్రాసియాస్," అన్నాడు.

దామియానా చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. నలభై ఆరేళ్ళలో ఒక్క గుక్కకే అతను ఆ మాట అనలేదు. వాళ్ళ అమ్మ పోయిన రోజున కూడా నాలుగు తాగాడు.

"ఏమైంది?"

"పనుంది."

తెర పడింది. ఆమె చెవి పెట్టి వింది. గీకే చప్పుడు లేదు, ఫ్యాను చప్పుడు లేదు. పెట్టెలో ఇనుము మీద ఇనుము పెట్టిన చప్పుడు.

అప్పుడే కాసిల్దా ఖాళీ బుట్టతో వచ్చింది. "ఏంటి పిన్నీ, ఒక్కదానివే తాగుతున్నావు? అలిగాడా?"

"ఉండవే, నీకు పుణ్యముంటుంది. ఇంటికి పో."

"మంచి వార్త ఉంటే పిలువు. చెడ్డ వార్తైతే గట్టిగా చెప్పు, గోడవతల నుంచే వింటా."

కాసిల్దా పోయాక దామియానా లేచి తెర ఎత్తింది. బల్ల లోపలికి వచ్చిన తర్వాత ఆ గదిలో ఆమె అడుగుపెట్టడం అదే మొదలు. చిరిగిన గోనెపట్టా మీద హార్ప్ నిలబడి ఉంది, తీగలు లేకుండా. ఫెర్మీన్ మోకాళ్ళ మీద కూర్చుని పెట్టెకు తాడు కడుతున్నాడు.

"ఎక్కడికి?"

"అరెగువాకి."

"ఎవరు పొమ్మన్నారు?"

"నేనే మాటిచ్చాను. పోగు ఎర్రబడితే నేనే మోసుకుపోతానన్నాను. ఎర్రబడింది." తాడు ముడి వేళ్ళకు అందట్లేదు. "గది తప్పు కాదే. గది బాగానే ఉంది. నేనే. నా చొక్కా. రోజూ వచ్చి నీ పక్కన కూర్చుని… స్తంభం దగ్గర చట్రం చూశాను. నువ్వు ఇంకా చూసుకోలేదేమో. నాకు చెప్పే నోరు రాలేదు."

దామియానా ముక్కుతో గాలి వదిలింది. అది నవ్వో, విసుగో అతనికి తెలియలేదు.

"లే."

"మోకాళ్ళు పట్టేశాయి."

"పట్టేసినవి పట్టేసినట్టే లేపు. రా."

చొక్కాచేయి పట్టుకుని వసారాలోకి లాక్కొచ్చింది. స్తంభం దగ్గర చట్రాన్ని రెండు చేతులా పట్టుకుని గిరుక్కున తిప్పింది.

ముందువైపు ఏమీ లేదు. ఒక్క కుట్టు లేదు. ఒట్టి గుడ్డ, గంజి పట్టించింది, అంతే.

ఫెర్మీన్ గుడ్డ వంక, ఆమె వంక చూశాడు.

"ముసుగేది?"

"తూర్పు గదిలో. నువ్వు లోపల ఉన్నంతసేపే బయటికి తెస్తా. పదికి, మూడుకు, నువ్వొచ్చే ముందు లోపల పెట్టేస్తా. ఆ చట్రం అక్కడ ఎందుకుందనుకున్నావు? అందానికా?"

"ఎప్పటినుంచి?"

"గుడ్ ఫ్రైడే వారం నుంచి. నీ గదికి పరీక్ష పెట్టి మడిచిన గుడ్డ గుర్తుందా? తలుపు దగ్గర నువ్వు ఆగేవాడివి కాదు గనక అప్పుడు అంటలేదు. తర్వాత వారం, ఊరికే, అది తీసి తడిపి పీట పక్కన పెట్టాను, నువ్వొచ్చి కూర్చున్నావు. నువ్వు పోయాక చూస్తే గులాబీ పూసింది. నలభై ఆరేళ్ళు నీ చొక్కాలు ఉతికినదాన్ని, ఆ మాత్రం ముందే తట్టలేదు నాకు. ఇద్దరం ఒకటే." ఆమె గుడ్డను వేలితో మీటింది. బిగిసిన గుడ్డ టప్‌మంది. "నా గంజికి పొడి పట్టుకునే గుణముంది. నీ పీపా పట్టనిది ఇది పడుతుంది. అందుకే నీకూ తూర్పు గదికీ మధ్యన నిలబెట్టాను. ప్రతి శనివారం విప్పి ఉతుకుతా. బకెట్టులో నీళ్ళు చూస్తే నువ్వు సిగ్గుపడతావు."

"ఆర్నెల్లు," అన్నాడు ఫెర్మీన్. "ఆర్నెల్లు తెలిసి, ఒక్క మాట చెప్పలేదు."

"చెప్తే ఏం చేసేవాడివి?"

అతను తన చొక్కాచేతి వంక చూసుకున్నాడు.

"చెప్పు. ఏం చేసేవాడివి? ఇవాళ చేసిందే చేసేవాడివి. మెట్టు మీద నిలబడి, పరాయి ఇంటికొచ్చినవాడిలా ఒక గుక్క తాగి, గ్రాసియాస్ అనేవాడివి." ఆమె గుడ్డను సర్దుతున్నట్టు అటు తిరిగింది. "ఉతకడం నాకు బరువా? వారానికో గుడ్డ."

ఫెర్మీన్ తోలు కుర్చీలో కూర్చోబోయి, ఆగి, చొక్కా విప్పి మెట్టు అవతల పెరట్లో దులిపాడు. ఎర్రటి మేఘం ఒకటి లేచి కోళ్ళ మీద పడింది. బనియనుతో వచ్చి కూర్చున్నాడు.

తన గదిలో తెర ఎటు ఉబ్బుతుందో వీధి వీధంతా చూపించాడు. ఎవరొచ్చినా చూపించాడు. ఆ తెరకు మూడడుగుల దూరంలో, ఆ ఫ్యాను చేయలేని పనిని ఒక ఒట్టి గుడ్డ చేస్తోంది. దాన్ని ఎవరికీ చూపించలేదు, ఎందుకంటే తనకే కనబడలేదు. ఇన్నేళ్ళలో ఇలాంటి గుడ్డలు ఈమె ఇంకెన్ని నిలబెట్టి ఉంటుందో అనుకున్నాడు. అడగాలనిపించింది. అడిగితే చెప్పదని కూడా తెలుసు.

"మాట మాటే కదా," అన్నాడు చివరికి, నేల చూస్తూ. "నా వల్ల ఎర్రబడింది."

"నేనేమన్నాను? ముసుగు మీద ఒక్క పోగు ఎర్రబడితే అన్నాను. పోగు ఎర్రబడిందా? గుడ్డ ఎర్రబడింది. గుడ్డ గురించి నేనెప్పుడు మాట్లాడాను?"

"నువ్వు వకీలువి కావాల్సింది."

"నీతో కాపురం చేసి అయ్యాను." గ్లాసు నింపి చాచింది. "పట్టు. మళ్ళీ ఆ మాట అన్నావో, నెత్తిన పోస్తా."

ఆ సాయంత్రం ఎనిమిది గ్లాసులు తాగాడు. గోడవతల నుంచి కాసిల్దా "మంచి వార్తేనా?" అని అరిచింది. "నీ పని చూసుకోవే!" అని దామియానా అరిచింది. "ఓ, మంచిదే!" అంది కాసిల్దా.

మర్నాడు ఫెర్మీన్ పెట్టె తాడు విప్పి, చిత్రికలు వాటి చోట పెట్టాడు. తెరకు లోపలివైపు గోడకు రెండు మేకులు కొట్టాడు. ఒకటి పనిచొక్కాకు, ఒకటి మంచి చొక్కాకు. వాటి కింద నీళ్ళ బేసిను. పదికి, మూడుకు ఫ్యాను ముందు నిలబడి ఒళ్ళంతా దులుపుకుని, చేతులూ మెడా కడుక్కుని, చొక్కా మార్చి, తల తడిదువ్వెనతో దువ్వి బయటికొచ్చేవాడు. మొదటిరోజు అలా రాగానే దామియానా పీట మీద నుంచి సగం లేచింది.

"ఎవరయ్యా మీరు? మా ఆయన లోపల పనిలో ఉన్నాడు. మీరు తర్వాత రండి."

"కబురందింది, మీ ఇంట్లో పెళ్ళికి పిల్ల ఉందట."

"ఉండేది. లేసు అల్లి అల్లి ముసలిదైపోయింది."

పండుగకు ముసుగు మాత తల మీదికెక్కింది. తెల్లగా ఉంది. గుళ్ళో అందరూ జామపువ్వుల దగ్గర వేలు పెట్టి చూడాలని చూస్తుంటే ఫాదర్‌గారు అడ్డం నిలబడాల్సి వచ్చింది. ఊరేగింపులో వాయించింది ఫెర్మీన్ చేసిన కొత్త హార్ప్‌నే. అతను వాద్యం వైపు చూడకుండా, దారి పొడుగునా మాత తల వంకే చూస్తూ నడిచాడు. అతనికి తెలియకుండానే పోగులు లెక్కపెడుతున్నాడు.

ఇంత అయినా స్తంభం దగ్గర చట్రం ఆమె తీయలేదు. పండుగ దాటిన శనివారం, ఉతకడానికి గుడ్డ విప్పుతుంటే ఫెర్మీన్ వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఇప్పుడు తెల్లగానే ఉంటుందిలే."

ఆమె గుడ్డను బకెట్టులో ముంచి తీసింది. నీళ్ళు తేరుకున్నాక ఇద్దరూ వంగి చూశారు. బాగా పలుచబడింది గానీ, ఉంది. అడుగున చిటికెడు ఎరుపు.

"ఇది ఇంకెక్కడిది?" అన్నాడు. "చొక్కా మార్చాను, చేతులు కడిగాను, తల దులిపాను. ఇంకెక్కడ మిగిలింది?"

దామియానా తడిచేత్తో అతని గడ్డం పట్టుకుని తల పక్కకు తిప్పింది. వెలుగుకు పట్టి చూసింది, ఇటు చెవి, అటు చెవి.

"చెవుల్లో," అంది. "సెద్రో మొక్క మొలుస్తుంది రేపో మాపో."

ఫెర్మీన్ లేచి బేసిను వైపు పోతుంటే వెనక నుంచి పిలిచింది.

"రేపు కడుక్కుందువుగాని. గుడ్డ ఉందిగా. కూర్చో, నీళ్ళు చల్లగా ఉన్నాయి."